తెల్లారేసరికి నిండే నూనె కప్పులు

“ఎల్లేషన్నా... ఓ ఎల్లేషన్నా...”

షాపు చిన్న తలుపు జరంత తెరిచి, లోపలి చీకట్లకు పిలిచిన. ఎంత మెల్లగ పిలిచిన్నంటె, నాకే సరిగ వినపడలె.

ఎల్లేషన్న సచ్చిపోయి అప్పటికి నాలుగు నెల్లు.

జవాబు రాలె. కాని లోపల ఇనుము కోసే లేత్ మిషిన్ తిరుగుతుండె — టక్... టక్... టక్... సాయంత్రం కరెంటు మెయిన్ బంద్ చేసి పోయింది నేనే.

లాల్‌దర్వాజా వెనక గల్లీల మా వేణుగోపాల్ సేటు షాపుకు అప్పటికే పేరు చెడిపోయింది. రాత్రి తొమ్మిది దాటితె ఆ దిక్కు ఎవ్వరు నడువరు. పాన్ డబ్బా సాయికుమారన్న ఒకనాడు కరెంటు లేని రాత్రి మిషిన్ తిరుగుడు విన్నడట. ఇంకోనాడు కిటికీల ఎర్రగ బీడీ నిప్పు చూసిండట. ఎల్లేషన్న బీడీలు తాగుతుండె. ఇంకేం కావాలె... మిగిలింది నేను కల్పిన. ఎల్లేషన్న దెయ్యమై తిరుగుతున్నడని, ఆయనకు కాళ్లు లేవని, ఆయన చూస్తెనే మిషిన్ చక్రం, గదే చక్, తిరుగుతదని, గల్లీల అందరికి చెప్పిన. చెప్పి చెప్పి ఆఖరుకు నేనే నమ్మిన.

నమ్మెటందుకు ఇంకో కారణం గూడ ఉండె. అది మాత్రం ఎవ్వరికి చెప్పలె.

ఆ లేత్ యాభై ఏండ్ల పాతది. ఇప్పటి మిషిన్ల లెక్క నూనె దానంతట అది తీస్కోదు. దాని మీద నాలుగు ఇత్తడి కప్పులుంటయి. పని ఐనంక ఇనుప పొట్టు ఊడ్చాలె, కింది ఇనుప బెడ్డు తుడిచి నూనె రాయాలె, నాలుగు కప్పులు నింపాలె. ఆఖరుకు చక్‌ను చేతితోని పది సుట్లు తిప్పాలె, నూనె లోపటిదాక దిగాలె గద. అర్ధ గంట పని. ఎల్లేషన్న ముప్పై ఏండ్లు ఒక్క పొద్దు గూడ తప్పలేదట.

ఆయన పోయిన నెలకు సేటు నన్ను పిలిచి ఒక్కటే మాట అన్నడు.

“శ్రవణ్, ఇనుము కోసుడు ఎవడైన నేర్చుకుంటడు. దాన్ని చూస్కునేటోడు కావాలె నాకు. మూడు నెల్లు చూస్త. మిషిన్ మంచిగుంటె ఎల్లేష్ జాగ నీది. లేకుంటె అది తుక్కుకు పోతది, నువ్వు ఇంటికి పోతవ్.”

“ఫికర్ చెయ్యకు సేటూ,” అన్న.

ఇగ చూడున్రి నా నిజాయితీ. ఆరు కొట్టంగనె లాడ్ బజార్‌కు ఉరుకుడే. అక్కడ గాజుల దుకాణంల పూజిత ఉంటది. ఆమె గాజులు సర్దుతుంటె ఎదురుంగ నిలవడి చూసుడే నా డ్యూటీ. నూనె వాసన చేతులతోని ప్రేమ ఎట్ల చేస్తం చెప్పున్రి... అందుకే నూనె డబ్బా ముట్టనే లేదు. మూడు నెలలల్ల ఆమె నాతోని ఒక్కసారి మాట్లాడింది. “ఏం సైజ్ కావాలె భయ్యా?” అన్నది. ఆ భయ్యా నా పానంల నాలుగు రోజులు కుచ్చుకుంది.

మొదటి వారం మిషిన్ పగలంత మూలిగింది. నేను పాటలు వెట్టుకొని నడిపిన.

రెండో వారం ఒకనాడు పొద్దుగాల తాళం తీసి చూస్తె... నాలుగు కప్పులు నిండుగున్నయి. బెడ్డు అద్దం లెక్క మెరుస్తుండె. నేను చెయ్యి వెట్టింది లేదు.

మర్నాడు గూడ గంతే. ఆ మర్నాడు గూడ.

ముందు భయమైంది. తర్వాత... సిగ్గిడిచి చెప్తున్న, సంబరమైంది. ఇంత పెద్ద పట్నంల ఎల్లేషన్న ఆత్మ నన్నే ఏరుకున్నదనుకున్న. అద్దంల మొఖం చూస్కొని, ఇందుల ఏదో ఉన్నది గావచ్చు, పూజితకు కనవడ్తలేదు గని, అనుకున్న.

గట్ల మూడు నెల్లు గడిచినయి. ఆఖరు సాయంత్రం సేటు మిషిన్ మీద చెయ్యి వెట్టి నిమిరిండు. “షాబాష్. రేపటి సంది ఎల్లేష్ జాగ నీదే,” అన్నడు.

ఆ రాత్రి నిద్ర పట్టలె. ఇన్ని దినాలు నా పని చేసిన దెయ్యానికి కనీసం శుక్రియా చెప్పాలె గద, అది మర్యాద. ఒక బీడీ కట్ట కొన్న. పదిన్నరకు గల్లీలకు వచ్చిన. తలుపు తెరిచి పిలిచిన.

టక్... టక్...

ఆగింది.

చీకట్ల ఎర్రటి చుక్క ఒకటి లేసింది. జర సేపు ఆడనే ఉన్నది... తర్వాత మెల్లగ నా దిక్కు వచ్చింది.

ఉరుకుదామనుకున్న. గని తెచ్చిన కట్ట చేతులనే ఉండె. కండ్లు గట్టిగ మూస్కొని, బీడీ కట్ట ముందటికి చాపిన.

“అన్నా... నీకే... తీస్కో...”

చేతులకెల్లి కట్ట పోయింది. వేళ్లు తాకినయి... వెచ్చగున్నయి. జిడ్డుగున్నయి.

“ఈ బీడీలు ఆయన తాగెటోడు గాదు,” అన్నదొక గొంతు. “నేను తాగుత గని.”

ఆడ గొంతు.

ఫోన్ లైట్ వేసిన. ఎల్లేషన్న పెండ్లాం, సత్తెమ్మవ్వ. కొంగు నడుముకు చెక్కింది. నోట్ల బీడీ, చంకల మిషిన్ తుడిచే గుడ్డ, చేతుల పొడుగు ముక్కు నూనె డబ్బా. ఆమె వెనక, ఎన్నడు తెరువని వెనక తలుపు తెరిచి ఉండె.

“నువ్వా అవ్వా... రోజు...”

“ఇంకెవ్వరు? ఈ వెనక తలుపు తాళంచెవి ఆయన కాడనే ఉండె.” బీడీ పారేసి కాలుతోని నలిపింది. “మా ఇల్లు ఈ గోడ అవుతలనే గద. ఆయన కప్పులు నింపుతుంటె చక్ తిప్పింది నేనే, ముప్పై ఏండ్లు. నువ్వు దీన్ని పట్టిన వారం ఇది పగలంత మూల్గింది. ఆఖరు దినాలల్ల ఆయన మూల్గినట్టె ఉండె. ముద్ద దిగలె నాకు.”

నేల దిక్కు చూసిన. “సేటుకు ఎందుకు చెప్పలె?”

“చెప్తె? నిన్ను ఎల్లగొడ్తడు, దీన్ని తుక్కుకేస్తడు. నీకేంది, ఇంకో కాడ పని దొర్కుతది. ఇది పోతె...”

 మిషిన్ మీద చెయ్యి వెట్టింది.

తర్వాత డబ్బా నా చేతుల వెట్టింది. “మోకాళ్ల నొప్పితోని నాకు వశమైతలేదు ఇగ. నూనె నువ్వు పొయ్యి. నేను చూస్త.”

పోసిన. అలవాటు లేక సగం నా షర్టు మీదనే పోసుకున్న, పూజిత కోసం కొన్న షర్టు. నాలుగు కప్పులు నింపి చక్ పట్టుకున్న. టక్... టక్... పది లెక్కవెట్టి ఆపిన.

“ఇంకో రెండు,” అన్నది. “నేను ఎప్పుడు రెండు ఎక్కువ తిప్పుత.”

తిప్పిన.

పొద్దుగాల సేటు గుడిమల్కాపూర్ పూల మార్కెట్ నుంచి పెద్ద బంతిపూల దండ తెచ్చిండు. మిషిన్‌కు వెయ్యమని నా చేతికిచ్చిండు. “ముసలిదాన్ని పడుచు లెక్క చేసినవ్ కదరా. ఏం చేసినవో చెప్పు, నేను గూడ వింట.”

గోడ అవుతల సత్తెమ్మవ్వ దగ్గింది.

దండ బరువుగున్నది. నా చేతులు ఇంక నూనె వాసన వస్తున్నయి.

“సేటూ... ఈ మూడు నెలలల్ల నేను నూనె పోసింది నిన్న రాత్రి ఒక్కసారే. అంతకు ముందంత పోసింది గోడ అవుతల సత్తెమ్మవ్వ. నేను లాడ్ బజార్‌ల ఉన్న.”