అక్క పేరు మీది సిమ్

"ఫోన్ ఇలా ఇవ్వు."

అపోండి ఒక అడుగు వెనక్కి వేస్తుంది.

అక్క కుట్టు షాపులో అక్క లేదు. మిషన్ కింద ఆమె చెప్పులున్నాయి. ఒకటి తిరగబడి ఉంది. అక్క కుర్చీలో ఎవడో నీలం టోపీవాడు కూర్చుని సొరుగులు లాగి నేల మీద పోస్తున్నాడు.

స్కూలు యూనిఫారం కోసం వచ్చానని అబద్ధమాడింది. వాడు నమ్మలేదు.

"ఫోన్ అడుగుతున్నా."

వాడి చెయ్యి నడుం దగ్గరికి పోతోంది...

ఇస్త్రీపెట్టె! బల్ల మీదే ఉంది. నిండా నిప్పులు!

ఎత్తి వాడి ఒళ్ళో కుమ్మరించేస్తుంది.

వాడి అరుపు వినడానికి ఆగదు. పరుగు... ఒకటే పరుగు!

సాయంత్రం ఏడు దాటింది. సరస్సు ఒడ్డున కిసుము ఊళ్ళో చీకటి పడి పది నిమిషాలయింది. కిబుయె మార్కెట్లో పాత బట్టలవాళ్ళు మూటలు కట్టేస్తున్నారు. అపోండి మూటల మీంచి దూకుతుంది. ఎండు చేపల గంపకి కాలు తగులుతుంది. గంప బోర్లా! చేపలమ్మే ఆవిడ ఏడు తరాలనీ ఎత్తి తిడుతుంది.

వెనక బూట్ల చప్పుడు. నీలం టోపీ!

ఒళ్ళు కాలినా వదల్లేదు వెధవ.

సందు. ఇంకో సందు. మురుగుకాలవ. ఒక్క దూకు!

రోడ్డు మీద బోడా స్టాండు. కిరాయికి మనుషుల్ని ఎక్కించుకునే మోటారుసైకిళ్ళు, పది. వాటి మధ్య ఒచోలా. నలభై ఏళ్ళ మనిషి, ఆ స్టాండుకి పెద్ద. అక్కకి పాత స్నేహితుడు. అక్క కుట్టిన చొక్కా తప్ప ఇంకోటి తొడగడు.

"అన్నా... పోనీ!"

ఒచోలా ప్రశ్న వెయ్యడు. కిక్ కొడతాడు. బండి ఒక్క ఊపున రోడ్డెక్కుతుంది.

వెనక్కి చూస్తే నీలం టోపీ రోడ్డు మధ్యలో నిలబడి ఫోన్ చెవికి పెట్టుకుంటున్నాడు.

అపోండికి అప్పుడు ఏడుపొస్తుంది.

అరగంట కిందట షాపు పక్క టీ కొట్టావిడ ఫోన్ చేసి చెప్పిన సంగతి ఒచోలాకి చెబుతుంది. నంబరు ప్లేటు లేని బూడిదరంగు ప్రోబాక్స్ కారు. ముగ్గురు మగాళ్ళు. అక్కని జుట్టు పట్టుకుని కారులోకి తోశారు. ఇంకొకణ్ణి షాపులో దింపి పోయిన సంగతి ఆవిడ చూడలేదు.

"అవితినా?" అంటాడు ఒచోలా. "లంగాలకి కాజాలు కుట్టుకునే మనిషి. ఆమెతో వాళ్ళకేం పని?"

"నా పనే అన్నా. నేననుకుని అక్కని ఎత్తుకుపోయారు."

చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది అపోండికి.

'సరస్సు కన్ను' ఎవరో కిసుములో ఎవరికీ తెలియదు. ఫోన్లో కనిపించే ఒక అకౌంటు. ముఖం లేదు, పేరు లేదు. వెనక ఉన్నది ఉద్యోగం పోయిన రేడియో విలేకరి అపోండి, ఒక పాత ఫోను, రెండు లక్షల మంది ఫాలోయర్లు. అంతే. ఎన్నికల్లో పోలింగ్ బూత్‌ల దగ్గర పంచిన డబ్బు బయటపెట్టింది ఆ అకౌంటే. ఏ పేపరూ వెయ్యని వార్తలన్నీ అందులో వస్తాయి. కిట్టనివాళ్ళు కూడా మొదటిరోజు నుంచీ దాన్ని ఫాలో అవుతూనే ఉన్నారు.

పది రోజుల కిందట ఊరేగింపులో ఒబియెరో అనే కాలేజీ కుర్రాడు తూటాకి పడిపోయాడు. కాల్చింది యూనిఫారం వేసుకోని పోలీసు. ఒక కిటికీలోంచి ఎవరో ఫోన్లో తీశారు. నాలుగు నిమిషాల క్లిప్. కాల్చినవాడి ముఖం అద్దంలో చూసినంత స్పష్టం!

అపోండి తొమ్మిది సెకన్లే పెట్టింది. ముఖం రాకముందే కత్తిరించింది. మొత్తం పెడితే అది ఏ కిటికీయో ఇట్టే తెలిసిపోతుంది. ఆ కిటికీలోని మనిషి రేపు తెల్లవారుజామున బస్సెక్కి సరిహద్దు దాటాలి. అప్పటిదాకా నోరు విప్పనని మాటిచ్చింది.

అంత జాగ్రత్తపరురాలు... ఎక్కడ తప్పుచేసింది?

చావు చందాలో!

ఒబియెరో తల్లి దగ్గర శవపేటికకి కూడా డబ్బుల్లేవు. అపోండి సరస్సు కన్నులో చందా పోస్టరు వేసి, కింద ఫోన్ నంబరు పెట్టింది. చేతికందిన నంబరు. మూడేళ్ళ కిందట తన గుర్తింపు కార్డు పోతే అక్క కార్డు మీద తీసుకున్న సిమ్. ఊళ్ళో సగం సిమ్‌లు అలాంటివే, అమ్మ పేరునో మేనమామ పేరునో ఉంటాయి.

ఫోన్లో డబ్బు పంపబోతే అవతలివాళ్ళ పూర్తి పేరు తెర మీదికొస్తుందని చంటిపిల్లాడికీ తెలుసు.

అపోండికీ తెలుసు. శవం దగ్గర ఏడుస్తూ మరిచిపోయింది.

పది షిల్లింగులు పంపినవాడికల్లా పేరు కనిపించింది. అవితి. అక్క పూర్తి పేరు, తండ్రి పేరుతో సహా!

"నోరు మూసుకుని గట్టిగా పట్టుకో," అంటాడు ఒచోలా. "ఏడవడానికి రేపుంది."

హెల్మెట్‌లో ఇరికించిన ఫోన్లోకి మాట్లాడతాడు. బోడావాళ్ళ గ్రూపు. ఆరువందల మంది. ప్లేటు లేని బూడిద ప్రోబాక్స్, వెనక సీట్లో ఆడమనిషి, చూసినవాడు చెప్పండి.

ఐదు సెకన్లు... పది...

టింగ్!

కొండెలె వంతెన కింద చూశాట్ట ఒకడు. పావుగంటయింది.

టింగ్! మాంబొలెయో కూడలి. కుడివైపు తిరిగింది.

టింగ్! కిబోస్ రైలు గేటు. గేటు పడితే ఆగింది. ఆడమనిషి తల మీద గోనెసంచి ఉంది.

అపోండి పళ్ళు కొరుక్కుంటుంది.

బండి చెరకు ట్రాక్టర్ల మధ్యలోంచి దూసుకుపోతోంది. ఎదురుగా లారీ! హారన్! ఒచోలా పక్కకి కోస్తాడు. చెరకు గడ అపోండి భుజాన్ని గీరుకుంటూ పోతుంది. రక్తం. తుడుచుకోదు.

ఫోన్ మోగుతుంది.

తెలియని నంబరు.

"నేనే, అవితిని." అక్క గొంతు! మామూలుగా ఉంది. మరీ మామూలుగా ఉంది. "ఇదిగో అమ్మాయ్, నీకు అప్పజెప్పిన కార్డుంది చూడు, ఆ చిన్న మెమరీ కార్డు. జాగ్రత్త. పొద్దున ఆరింటికి నేను చెప్పే చోటికి తెస్తే చాలు."

అపోండికి అర్థం కాదు. ఏ కార్డు?

"ఈలోపు షాపు తెరవకు. ఎవరేమడిగినా నోరు మెదపకు. నీకసలే నోరాగదు. నా మాట విను తల్లీ, ఈ ఒక్కసారికీ విను."

తర్వాత మగగొంతు. తాపీగా. "ఆరింటికి. లేటయితే మీ ఓనరమ్మ మిషన్ నువ్వే తీసుకోవచ్చు."

కట్.

కార్డు లేదు. ఏ కార్డూ లేదు!

అక్క వాళ్ళని నమ్మించింది. అవును, నేనే సరస్సు కన్నుని అని చెప్పేసింది. క్లిప్ షాపులో పనిపిల్ల దగ్గరుందని చెప్పింది. ఆ పనిపిల్ల తనే. తెల్లారేదాకా గడువు సంపాదించింది.

పాతికేళ్ళుగా ఇంతే అవితి. చిన్నప్పుడు అపోండి కుండ పగలగొడితే నేనే అని వీపు అప్పగించేది.

ఒచోలా అంతా విని ఒకటే మాటంటాడు. ఆమె దగ్గర ఏదో ఉందనుకున్నంతసేపే ఆమెకి ప్రాణం. తెల్లారేదాకా టైముంది. అరవై బండ్లు వెనకే వస్తున్నాయి. నువ్వు మాత్రం అక్క చెప్పినట్టు నోరు కుట్టుకో.

టింగ్! చివరి మెసేజ్. మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ గేటు. కారు లోపలికి పోయింది.

ఒచోలా లైటు ఆర్పేస్తాడు. ఇంజిను ఆపేస్తాడు. చెరకుతోటలో బండిని తోసుకుంటూ పోతారు. ఆకులు ముఖం కోస్తున్నాయి.

రెండువందల గజాల అవతల తుప్పుపట్టిన గొట్టాలు, కూలిన రేకులు. పక్కన పాత ఆఫీసు గది. కిటికీలో వెలుతురు. బయట ప్రోబాక్స్.

"పది నిమిషాలు," అంటాడు ఒచోలా ఆమె చెవిలో. "మనవాళ్ళు పది నిమిషాల్లో వస్తారు. నేను కిటికీ దాకా పోయి చూస్తా. నువ్విక్కణ్ణించి కదిలావో నా మీదొట్టే."

వంగి చీకట్లోకి వెళ్ళిపోతాడు.

ఒక నిమిషం.

రెండు.

అరుపు!

అక్క అరుపు. ఎప్పుడూ వినలేదు అలాంటిది. గొంతు చీరుకుపోయినట్టు...

అపోండి పిడికిలి నోట్లో కుక్కుకుంటుంది.

మూడు నిమిషాలు. మనవాళ్ళు ఎక్కడ? రోడ్డు వైపు చూస్తుంది. కటిక చీకటి.

ఇంకో అరుపు! ఈసారి పొడుగ్గా. మధ్యలో తెగిపోయింది.

చంపేస్తున్నారు. తెల్లారేదాకా ఆగరు. ఎవడాగుతాడు? దెబ్బలు తినేది అక్క, తప్పు చేసింది తను. ఇక్కడ పొదలో పిల్లిలా నక్కి కూర్చుంది తను!

ఈ చేత్తో ఎందరిని విడిపించలేదు? మార్చిలో ఒక స్కూలు పంతుల్ని ఎత్తుకుపోతే, పేరు పెట్టి లక్షమంది పోస్టు చేస్తే, రెండోరోజు పొద్దునకి రోడ్డు పక్కన దింపిపోయారు. వెలుతురు పడితే దొంగ పారిపోతాడు. ఈ పని నేర్చిన రోజునుంచీ ఆమె నమ్మింది అదొక్కటే.

ఫోన్ తీస్తుంది. రెండు గీతల సిగ్నల్.

సరస్సు కన్ను. లైవ్.

వేలు ఆగుతుంది... నీకసలే నోరాగదు...

మూడో అరుపు!

నొక్కేస్తుంది.

మూడేళ్ళలో మొదటిసారి, సరస్సు కన్నుకి ముఖం వచ్చింది. చెమట, మట్టి, భుజం మీద రక్తం.

"నా పేరు అపోండి. సరస్సు కన్నుని నేనే. ఇంకెవరూ కాదు."

నాలుగువందల మంది. రెండువేలు. తెర కింద మెసేజ్‌లు పరుగెడుతున్నాయి. ఎక్కడున్నావు? ఏమైంది?

"మీ దగ్గరున్న మనిషి మా అక్క. అవితి. స్కూలు పిల్లలకి బట్టలు కుడుతుంది. సిమ్ ఆమె పేరు మీద తీసుకున్నాను, అంతే. ఆమెకి ఏమీ తెలియదు. క్లిప్ చూడలేదు. తీసిందెవరో తెలియదు. మెమరీ కార్డు కూడా లేదు, మిమ్మల్ని ఆపడానికి అబద్ధం చెప్పింది. నన్ను కాపాడాలని చెప్పింది."

తొమ్మిది వేలు. పద్నాలుగు.

"కావలసింది నేనయితే నేను వస్తాను. ఈ చెరకుతోటలోనే ఉన్నాను. ఇంతమంది చూస్తున్నారు. ఆమెని వదిలెయ్యండి."

గదిలోంచి చప్పుడు ఆగిపోయింది.

అరుపు లేదు. దెబ్బ లేదు.

విన్నారు! వాళ్ళు విన్నారు!

అపోండికి కళ్ళనీళ్ళు ఆగడం లేదు. వదిలేస్తారు. వదలక చస్తారా? ఇరవై వేలమంది చూస్తున్నారు. ఇంటికి తీసుకెళ్ళి వేడినీళ్ళు కాచి పోస్తుంది. అక్క ఎన్ని తిట్లు తిట్టినా పడుతుంది.

దూరంగా రోడ్డు మలుపులో లైట్లు. ఒకటి, రెండు, పది... మోటారుసైకిళ్ళు! మనవాళ్ళు!

ఇరవై ఆరు వేలు.

మెసేజ్‌ల వరదలో తెలిసిన పేరు ఒకటి మెరుస్తుంది. ఒచోలా. కిటికీ కింద నక్కి, శబ్దం చెయ్యలేక, రాస్తున్నాడు.

"ఆపు."

మళ్ళీ. "ఆపు అపోండీ. కట్ చెయ్. ఆమె కావాలనే అరుస్తోంది. కొట్టినప్పుడల్లా, ఆగండి చెబుతా అని టైము సాగదీస్తోంది. వీళ్ళు ఫోన్ చూస్తున్నారు. ఆపు."

అపోండి ఫోన్‌ని ముఖం దగ్గరికి లాక్కుంటుంది.

వేలు తెర మీద తడబడుతుంది. ఎర్ర బొత్తాం... ఏదీ ఎర్ర బొత్తాం? చెమటకి జారిపోతోంది...

కింద ఇంకో మెసేజ్. ఫోటో లేని అకౌంటు. పేరు స్థానంలో నాలుగంకెలు.

"అయితే ఈవిడ కాదన్నమాట. చెప్పినందుకు థాంక్స్."

"వద్దు," అంటుంది అపోండి ఫోన్‌తో. "వద్దు వద్దు వద్దు, నా దగ్గరే ఉంది, నేనే వస్తున్నా, అక్కా..."

లేచి పరుగెడుతుంది. ఆకులు కోస్తున్నాయి. చేతిలో లైవ్ నడుస్తూనే ఉంది.

గదిలోంచి... ఢాం!

ముప్ఫై ఒక్క వేలమంది విన్నారు.