గంజిలో ఉప్పు

మిట్టమధ్యాహ్నం! అయినా న్యూజెర్సీ ఆకాశం అమావాస్య రాత్రిలా నల్లబడింది... ఫెళఫెళమని ఉరుములు! పట్టపగలే గుడ్లగూబ కూత! 1984 అక్టోబరులో, ఊరి చివరి పాత భవంతి మేడమీద, కొవ్వొత్తుల నడుమ ఒక కపాలం పళ్ళికిలించి చూస్తోంది.

దాని ముందు కూర్చున్నది ఎనభై ఏళ్ళ మిసెస్ డెల్వార్. ఆమె పూర్వీకులకు కరీబియన్ దీవుల్లో చెరకుతోటలుండేవి. ఆ వంశంలో ఆడపిల్లకు పెళ్ళయితే పుట్టింటివారు నగలతోపాటు బానిసలనూ ఇచ్చి పంపేవారు. కొరడా పట్టడంలో ఆ దొరసానులు మగవాళ్ళకేం తీసిపోలేదు. ఒక దాసిని చంపి, ఆమె ఆత్మను ఆమె కపాలంలోనే మంత్రాలతో బంధించి, చచ్చాక కూడా చాకిరీ చేయించుకున్నారు, పాపిష్ఠివాళ్ళు! తల్లినుంచి కూతురికి దిగుతూ వచ్చిన ఆ కపాలానికి ఇప్పుడు శక్తి ఉడిగింది... దానికి కొత్త ప్రాణం కావాలి!

ఆ ప్రాణం లూసీది. ఆ ఇంట్లోనే ఉండి ముసలమ్మకు సేవచేస్తున్న గుంటూరు నర్సు వసంతకుమారికి ఏడేళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఒళ్ళు కాలిపోతూ కపాలం ముందు కొయ్యబారి కూర్చుంది.

వసంతకుమారి తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

"మమ్మీ... నాకు కోల్డ్‌గా ఉంది," అంది లూసీ.

"దాన్ని వదిలేయండి మేడమ్. పసిపిల్ల."

"ఇక అది నాది. కపాలానికి గంజి పెట్టావా?"

"పెట్టాను."

రోజూ ఆ గంజి పెట్టే పని వసంతకుమారిదే. ఉప్పు మాత్రం తగలకూడదని ముసలిది మొదటిరోజే హెచ్చరించింది. కానీ నిన్న కపాలం కంటిగుంటలో తడి కనబడింది. ఎంతైనా ఒక తల్లి కన్న బిడ్డే కదా, చప్పిడి గంజి పెట్టడానికి ఆమెకు చేతులు రాలేదు. ఈ పొద్దున చిటికెడు ఉప్పు కలిపింది.

"దాసీ, ఆ పిల్ల ఊపిరి తీయి!" అరిచింది డెల్వార్.

కపాలం కదిలింది... లూసీ వైపు కాదు!

"దాసీ కాదు. నా పేరు ఫిబ్బా," అందొక బొంగురు గొంతు. "ఉప్పు నాలుకకు తగిలాక జ్ఞాపకం వచ్చింది."

"నేను నీ యజమానిని!"

"నీ ఇంటి ఉప్పు నేనెప్పుడూ తినలేదు. ఈ తల్లిది తిన్నాను."

పిడుగు! కిటికీలు బద్దలయ్యాయి... నల్లటి చేతులు నేలలోంచి లేచి ముసలిదాన్ని చుట్టేశాయి... ఒక్క కేక! ఆ తరువాత కుర్చీలో పిడికెడు బూడిదే మిగిలింది. కపాలం కూడా పొడిపొడిగా రాలిపోయింది.

లూసీ ఒళ్ళు చల్లబడింది. వసంతకుమారి బిడ్డను హత్తుకుని ఏడ్చింది.

"మమ్మీ, ఆ ఫిబ్బా ఆంటీ ఏదీ?"

"వాళ్ళింటికి వెళ్ళిపోయిందమ్మా."