పక్షులు వలసపోయిన కోన

పూర్వం కాంచనమిట్ట అనే రాజ్యాన్ని ఉదయధ్వజుడు ఏలేవాడు. ఆయన కోట పక్కనే పెద్ద చింతతోపు ఉండేది. తోపు నిండా కొంగలు, గూడబాతులు, గోరింకలు, చిలకలు. తెల్లవారకముందే అవి చేసే గోలకు రాజుగారికి నిద్రాభంగమయ్యేది. ఒకనాడు ఆయన విసిగిపోయి, "ఆ పిట్టలన్నిటినీ తరిమికొట్టండి!" అని ఆజ్ఞాపించాడు. భటులు డప్పులు మోగించారు, పొగలు పెట్టారు, గూళ్ళు పడగొట్టారు. సాయంకాలానికల్లా తోపు ఖాళీ అయింది. అవి పోతుంటే చూసి ఊళ్ళలోని పిచ్చుకలూ కాకులూ కూడా వాటి వెంటే లేచిపోయాయి.

రాజుగారు హాయిగా నిద్రపోయాడు. కాని ఆ ఏడే పైరుకు పురుగు పట్టింది. ఏరుకు తినడానికి పిట్ట ఒక్కటీ లేదు. మిగిలిన గింజల్ని మిడతలు ఊడ్చేశాయి. మరుసటి ఏడూ అంతే. జనం చింతగింజలు ఉడకబెట్టుకు తినే రోజులొచ్చాయి. అప్పుడు రాజు కళ్ళు తెరిచి, పక్షుల్ని తిరిగి తెచ్చినవారికి కోరినది ఇస్తానని చాటింపు వేయించాడు. యోధులు బయలుదేరి వెళ్ళారు. ఉత్తచేతులతో తిరిగివచ్చారు.

ఆ రాజ్యంలో చౌడమ్మ అనే మేదరి స్త్రీ బుట్టలల్లి బతికేది. ఆమెకు ఒక్కతే సంతానం. పుట్టినప్పుడు మగబిడ్డ అనుకుని గురవయ్య అని పేరు పెట్టారు. ఊరంతా గురవడనే పిలిచేది. కాని ఊహ తెలిసినప్పటినుంచీ ఆ బిడ్డకు తాను ఆడపిల్లనని తెలుసు. ఏటి ఒడ్డున ఒంటరిగా వెదురు కోసేటప్పుడు, తాను పెట్టుకున్న పేరుతో తనను తానే పిలుచుకునేది: "కలువా!" ఆ పేరు మరొకరి నోట వినాలని ఆమెకు ఎంత ఆశో!

ఒకసారి కలువ తల్లి చీర కట్టుకుని వాకిట నిలబడితే, చౌడమ్మ గబగబా లోపలికి లాక్కుపోయి తలుపేసింది. "నలుగురూ చూస్తే నవ్విపోతార్రా నాయనా" అంది. కొట్టలేదు, తిట్టలేదు. అయినా ఆ తర్వాత కలువ ఆ చీర ముట్టుకోలేదు.

పక్షులు లేచిపోయిన సాయంకాలం ఊరు ఊరంతా ముక్కున వేలేసుకుని చూస్తుంటే, కలువకు మాత్రం ఏడుపొచ్చింది. "వాటికి పోవడానికి ఒక చోటుంది. నాకేదీ?" అనుకుంది.

యోధులు తిరిగివచ్చారని తెలిసిన నాడు ఆమె తల్లితో, "అమ్మా, పక్షులు పోయిన దారిన నేను పోతాను" అంది.

"అంతంత మగధీరులకే చేతకాలేదు, నువ్వెక్కడికిరా?"

"నాకూ ఒక చోటు వెతుక్కోవాలని ఉందమ్మా."

చౌడమ్మ బిడ్డ ముఖంలోకి చూసి ఏదో అడగబోయి ఆగిపోయింది. ఉన్న కాస్త జొన్నపిండితో రొట్టెలు కాల్చి మూటగట్టి ఇచ్చింది. అడవిలో ఆకలేసి మూట విప్పితే, రొట్టెలు చుట్టిన గుడ్డ మరేదో కాదు, ఆనాటి చీరే! కలువ దాన్ని ముఖానికి అదుముకుని చాలాసేపు కూర్చుంది. తర్వాత కట్టుకుని నడక సాగించింది.

అడవి నడుమ ఒక ముని కదలకుండా కూర్చుని ఉన్నాడు. ఆయన జడల్లో ఒక ఖాళీ గూడు ఉంది. తలమీదినుంచి ఎగిరిపోయిన పిట్ట మళ్ళీ వస్తుందేమోనని ఆయన మెడ కూడా తిప్పడం లేదు.

"ఎవరు తల్లీ?" అన్నాడు కళ్ళు తెరవకుండానే.

"కలువను స్వామీ."

"రా కలువా, కూర్చో."

అంత ఆశపడిన మాట అంత తేలిగ్గా వినపడేసరికి ఆమె కొంగు సర్దుకుని ఆయన ఎదుట కూర్చుంది. తాను వచ్చిన పని చెప్పింది.

"భయమున్నచోట పక్షి ఒక కన్ను తెరుచుకుని నిద్రపోతుంది. అవి రెండు కళ్ళూ మూసుకోగల చోటుకే పోయి ఉంటాయి. తూర్పుగా వెళ్ళు. నీకెక్కడ అలా నిద్రపడుతుందో చూసుకుంటూ వెళ్ళు" అన్నాడు ముని.

తూర్పున రత్నపేట అనే నగరం వచ్చింది. అక్కడివాళ్ళు ఆమెను చూడగానే ఎదురొచ్చి పూలదండ వేశారు. పసిపిల్లల్ని ఆమె చేతుల్లో పెట్టి దీవించమన్నారు. "నీ నోటి మాట మాకు శుభం" అన్నారు. కలువ పొంగిపోయి, ఇదే నా చోటేమో అనుకుంది. కాని భోజనాల వేళ అందరికీ లోపల పీటలు వేసి, ఆమె విస్తరి మాత్రం పశువుల కొట్టం పక్కన వేశారు. "దీవెనకు లోపలికి పిలిచినవాళ్ళు కూటికి పిలవరా?" అని అడిగితే, ఇంటావిడ తల పక్కకు తిప్పుకుని, "మా ఆచారం అంతేనమ్మా" అంది. ఆ రాత్రి కలువకు నిద్రపట్టలేదు. ఆ నగరంలో ఒక్క పిట్టా కనపడలేదని ఆమె తెల్లవారాక గమనించింది.

ఆ పైన కొండ కనుమలో వంకరకోర అనే రాక్షసుడు దారికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఒసే! నీ గుండెలో దిగులు వాసన ఆమడ దూరానికే ఘుమఘుమలాడింది. నీ కథంతా ఆ వాసనలోనే తెలిసిపోయింది. నాకు తిండి అదే. ఇచ్చెయ్యి, నమిలేస్తాను. ఇకమీదట నీకు ఏ కోరికా ఉండదు. గురవడిలా ఇంటికి పోయి, అమ్మ పక్కన చక్కగా బుట్టలల్లుకోవచ్చు."

కలువ కాళ్ళు నిజంగానే వెనక్కి తిరగబోయాయి. అమ్మ దగ్గర, నలుగురిలో కలిసిపోయి, ఏ బాధా లేకుండా! కాని ఆ సుఖం అనుభవించడానికి కలువ ఉండదుగా?

"ఇవ్వను. అది తీసేస్తే నాలో నేను మిగలను."

"అయితే నిన్నే తింటా! ఊళ్ళవాళ్ళ దిగుళ్ళన్నీ మింగి, అరగక, నిద్రపట్టక చస్తున్నాను. నాతో వాదాలా?"

"నిద్రపట్టకపోతే ఊయల్లో పడుకోకపోయావా?"

రాక్షసుడు తెల్లబోయాడు. "నాకు సరిపడే ఊయల ఎవరు కడతారే?" అన్నాడు చిన్నబోయిన గొంతుతో.

కలువ నవ్వు ఆపుకుని మొలలోని వెదురుకత్తి తీసింది. కనుమలోని పొదల్లో వెదురు కొట్టి, బద్దలు చీల్చి, రెండు బండల నడుమ ఏనుగు పట్టేంత ఊయల అల్లింది. వంకరకోర భయంభయంగా అందులో ఒరిగాడు. కలువ ఊపుతూ, తల్లి తనకు పాడిన జోలపాట పాడింది. పాట సగంలోనే కొండలు అదిరేలా గురక వినిపించింది. ఆమె మెల్లగా కనుమ దాటింది.

అవతల పచ్చని కోన. కొలను నిండా కొంగలు, చెట్ల నిండా గూళ్ళు. ఇళ్ళ కప్పుల మీద కూడా పిట్టలే. ఒక వాకిట్లో బియ్యం చెరుగుతున్న పెద్దావిడ తలెత్తింది. ఆమె పేరు గంగులు.

"ఎండనబడి వచ్చినట్టున్నావు. కాళ్ళు కడుక్కో అమ్మాయీ, అన్నం వార్చాను."

"నేనెవరో చెప్పాలి... నేను..."

"చెప్పాలనిపిస్తే తిన్నాక చెబుదువుగాని. నేనూ ఒకప్పుడు నీలాగే ఈ దారినే నడిచొచ్చాను."

అదే పంక్తిలో కూర్చుని, అదే కూర వడ్డించుకుని తిన్నాక, కలువ అరుగు మీద ఒరిగింది. ఎప్పుడు నిద్రపోయిందో ఆమెకే తెలియదు. పొద్దు వాలాక గంగులక్క లేపాల్సివచ్చింది.

కొన్నాళ్ళు అక్కడే ఉండిపోయింది. పేరు పెట్టి పిలిచేవాళ్ళు, జడ వేసేవాళ్ళు, పోట్లాడేవాళ్ళు కూడా దొరికారు. కాని అన్నం ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా, అమ్మ ఏం తింటున్నదో అని మనసు లాగేది. ఒకనాడు కొలను దగ్గరికి వెళ్ళి, పక్షులకు పెద్దయిన ముసలి గూడబాతును తిరిగి రమ్మని ప్రార్థించింది.

"తరిమినచోటికి ఎలా వస్తాం? నువ్వు వెళ్తావా?" అంది గూడబాతు.

"నన్నెవరూ తరమలేదు."

"రమ్మన్నవాళ్ళు ఉన్నారా?"

కలువ తాను కట్టుకున్న చీర అంచును వేళ్ళతో నిమిరింది.

"తరిమిన నోరే మమ్మల్ని రమ్మనాలి. పొలిమేర కొండదాకా వస్తాం. పిలుపు వినపడితే దిగుతాం, లేకపోతే వెనక్కి" అంది గూడబాతు.

కలువ చీర కుచ్చిళ్ళు సర్దుకుని, గంగులక్క పెట్టిన పూలు తలలో ఉండగానే, పట్టపగలు కాంచనమిట్ట వీధుల్లో నడిచింది. కొందరు నవ్వారు. కొందరు నోళ్ళు తెరిచారు. ఆమె తిన్నగా సభకు వెళ్ళి గూడబాతు మాట చెప్పింది.

"రాజునై ఉండి పిట్టల్ని బతిమాలాలా?" అన్నాడు ఉదయధ్వజుడు.

"తరమమన్నదీ తమరేగా ప్రభూ."

రాజు కిరీటం తీసి పక్కన పెట్టి, కలువా జనమూ వెంటరాగా కాలినడకన తోపుకు వెళ్ళాడు. "రండి! తప్పయింది. ఇది మీ చోటు, రండి!" అని గొంతు పగిలేలా పిలిచాడు. ఆకాశం చాలాసేపు ఖాళీగానే ఉంది. తర్వాత కొండ మీదినుంచి తెల్లని మబ్బులా కొంగలు లేచాయి.

రాజు ఆనందబాష్పాలతో, "కోరుకో అమ్మా" అన్నాడు.

"ఈ రాజ్యంలో ఎవరినీ, వాళ్ళు వాళ్ళలా ఉన్నందుకు తరమకూడదు ప్రభూ. చోటు వెతుక్కుంటూ దారి నడిచేవాళ్ళకు ఈ తోపు పక్కన ఒక సత్రం కట్టించండి. అందరికీ ఒకే పంక్తి."

"అలాగే. ఆ సత్రానికి పెద్దవు నువ్వే" అన్నాడు రాజు.

అప్పుడు జనాన్ని తోసుకుంటూ చౌడమ్మ వచ్చింది. చిక్కి సగమైంది. బిడ్డ కట్టుకున్న చీరనూ, తలలోని పూలనూ చూసింది. నలుగురూ చూస్తున్నారని ఆమె ఈసారి అటూ ఇటూ చూడలేదు.

"ఆనాడే అడగాల్సింది, నోరు రాలేదు" అంది. "నిన్నేమని పిలవమంటావు తల్లీ?"

"కలువ అనమ్మా."

"కలువా, ఇంటికి రా" అంది చౌడమ్మ, ఆమె చెయ్యి పట్టుకుని.

ఆ ఏడు కాంచనమిట్టలో పంట విరగపండింది. సత్రానికి దూరదేశాలనుంచి మనుషులు రాసాగారు. తెల్లవారుజామున పిట్టల గోలకు అందరితోపాటు రాజుగారికీ మెలకువ వచ్చేది. ఆయన విసుక్కోకుండా లేచి కూర్చునేవాడు.