బడి పన్నుకి డెల్మార్ ఓటు

దాణా మిల్లు దగ్గర పొరుగావిడ ట్వైలా అన్నదట: "డెల్మార్ తన పొలం గట్టున 'బడి పన్ను వద్దు' అని బోర్డు పాతాడు. ఆ బళ్ళో పాఠం చెప్పేదెవరు? సొంత కూతురు కోరిన్! ఓటింగులో పన్ను ఓడితే బడికి డబ్బుండదు, ముందు ఊడేది ఆ పిల్ల ఉద్యోగమే. అప్పుడే పక్క జిల్లాలో ఇల్లు చూసుకొచ్చిందట కూడా." ఆ మాట నలుగురి నోళ్ళూ తిరిగి, ఓటింగు నాటి పొద్దున మొక్కజొన్న లారీ డ్రైవరు ద్వారా డెల్మార్ చెవిన పడింది.

"నిజమేనా కోరిన్?" గుడ్ల పళ్ళెం పక్కకి నెట్టి అడిగాడు.

"నిజమే. చెప్తే నువ్వేమంటావో తెలుసుగా."

"ఏమంటానే?"

"పొలం మీద పన్ను పడుతుందంటావు."

"పడదా మరి! ఊళ్ళోవాళ్ళు కట్టేది ఇంటికీ, ముందున్న కాస్త పచ్చగడ్డికీ. మనకి ఎకరమెకరానికీ మోతే. ఓడించేకొద్దీ మళ్ళీ మళ్ళీ తెస్తారు, సిగ్గులేని జనం! ఈ పొలంలో ఒక్క చెక్కా అమ్మకుండా కాపాడుతున్నది ఎవరికోసం? నీకోసం కాదూ?"

"బడి మూస్తే ఇక్కడ పిల్లలుండరు. పిల్లల్లేని ఊళ్ళో నేనుండను. ఆ పొలం నేనేం చేసుకోను నాన్నా?"

ఆ ఇంట్లో ఓటు రోజుకో పద్ధతుంది. ఎవరు దేనికి వేసినా అందరూ ఒకే ట్రక్కులో వెళ్ళాలి. చర్చి ఆడవాళ్ళు అమ్మే ఆపిల్ కేకు తిని కలిసే తిరిగిరావాలి. భార్య ఐవా ఎప్పుడూ బడికి ఔననేది, డెల్మార్ కాదనేవాడు. "నా ఓటు నీ ఓటుతో కొట్టుకుపోయింది, పద తిందాం" అని నవ్వుకునేవాళ్ళు.

ఈసారి కోరిన్ తన కారు తాళాలు అందుకుంది. "నేను వేరే వస్తాలే."

ట్రక్కులో కోరిన్ కూర్చునే నడిమి చోటు ఖాళీగా మిగిలింది. ఐవా కిటికీని అంటుకుని కూర్చుంది.

"ఇటు జరగవేం?"

"ఇక అలవాటు చేసుకోవద్దూ, ఆ ఖాళీని!"

డెల్మార్ ట్రక్కు కదిలించాడు. దారి పక్క కోసేసిన చేను. వసంతంలో కోరిన్ బడిపిల్లల్ని ఆ చేలోకే తెచ్చి మట్టి పరీక్షలు చేయించేది. మొలకలు తొక్కేస్తున్నారని తనే వాళ్ళని తిట్టి తరిమాడు. కుర్రకారు ఒక్కరైనా చేలో దిగారని సంబరపడాల్సిన మనిషి! కళ్ళు మసకేస్తే, ఎండ పొడుస్తోందన్నట్టు టోపీ ముందుకి లాక్కున్నాడు.

ఓటింగు జరిగే ఫైర్ స్టేషన్‌లో ఓటు కాగితం ముందు చాలాసేపు నిలబడిపోయాడు. వెనక వాళ్ళు దగ్గారు. చివరికి పెన్ను కదిలింది.

బయట కేకుల బల్ల దగ్గర కోరిన్ కాఫీతో దూరంగా నిలబడి ఉంది. డెల్మార్ మూడు ముక్కలు కొని, ఒకటి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తండ్రి మొహంలోకి చూసింది.

పొరుగు రైతు వెండెల్ వచ్చి భుజం చరిచాడు. "ఏం డెల్మార్, ఈసారీ ఆ పన్నుని పాతిపెట్టేశాం కదా?"

"నేను ఔననే గీశాను. మన తర్వాత మన పొలాల్లో దిగేదెవరో ఒక్క పేరు చెప్పు, వెండెల్!"