మసిలో కలిపిన పాలు

చేతి మీద పచ్చబొట్టు పొడిపించుకోవాలని యాగోదాకి చిన్నప్పటినుంచీ కోరిక. నానమ్మ లూత్సా రెండు చేతుల మీదా, మణికట్టు నుంచి వేళ్ళ దాకా, నీలి సిలువలూ వాటి చుట్టూ దేవదారు కొమ్మలూ ఉండేవి. ఆ చేతులతోనే ఆవిడ రొట్టెల పిండి పిసికేది, ఆ చేతులతోనే మనవరాలి వీపు మీద నాలుగు తగిలించేది. టౌన్లో ఆడపిల్లలు షాపుకెళ్ళి మిషన్‌తో వేయించుకుంటున్నారు. యాగోదాకి అది నచ్చలేదు. పడితే నానమ్మ సూదే పడాలంది.

బోస్నియా కొండల్లో మా వాళ్ళకి పచ్చబొట్టుకి మార్చిలో వచ్చే సెయింట్ జోసెఫ్ పండగ రోజే మంచి రోజు. ఆ ఏడు పండగకి తెల్లారేసరికి తడి మంచు ముద్దలు ముద్దలుగా పడుతోంది. నానమ్మ కళ్ళకి పొర కమ్ముతోంది, ఈసారి కాకపోతే వచ్చే ఏటికి సూది మొన కనపడదని ముందే చెప్పేసింది. పైన్ చెక్క పేళ్ళు కాల్చి, మూత బోర్లించి, మసి పట్టి ఉంచింది. తేనె ఉంది. ఇక కావాల్సింది పాలే. ఆవు పాలూ మేక పాలూ కాదు. బాలింత పాలు.

"వాగు అవతల అంజా ఇంటికెళ్ళి గరిటెడు పట్టించుకురా. బిడ్డ తాగుతున్న తల్లి పాలే అయ్యుండాలి, గుర్తుంచుకో. బిడ్డ తన వంతు తాగి, మిగిలింది మనకిస్తుంది. అందుకే అది ఒంట్లో ఇముడుతుంది" అంది నానమ్మ.

యాగోదా గుమ్మం దాటింది. మోకాళ్ళ దాకా మంచు. వాగు దగ్గర దారి ఎక్కడుందో కూడా తెలీడం లేదు. తిట్టుకుంటూ ఇంటి వెనక్కి తిరిగొచ్చింది. అక్కడ కొట్టుగదిలో డీప్ ఫ్రీజర్ ఉంది.

అందులో పంది మాంసం కింద, ఆల్‌బుఖారా పళ్ళ సంచుల వెనక, చిన్న సీసాలు కొన్ని ఉన్నాయి. అవి వదిన వీంకావి. అన్న స్టీపో జర్మనీలో ఇళ్ళు కట్టే పనిలో ఉన్నాడు, ఈస్టర్‌కి గానీ రాడు. వదినకి మొన్న శరత్కాలంలో కొడుకు పుట్టాడు, యూరె అని పేరు పెట్టారు. చలికాలం రాగానే ఒక తెల్లవారుజామున ఆ పసివాడు నిద్రలోనే పోయాడు. జ్వరం లేదు, దగ్గు లేదు. వాడి కోసం పిండి దాచిన పాలు మాత్రం ఫ్రీజర్లోనే ఉండిపోయాయి. పారబొయ్యమని చెప్పే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. వదిన అప్పటినుంచీ నోరు తెరిచి నాలుగు మాటలు మాట్లాడితే గొప్ప.

పాలు పాలే కదా, అనుకుంది యాగోదా. ఒక సీసా తీసి, చంకలో పెట్టుకుని కరిగించి, గిన్నెలో పోసుకుని, ముందు గుమ్మం నుంచి లోపలికొచ్చింది.

"ఇంత చల్లగా ఉన్నాయేమే?" అంది నానమ్మ, గిన్నె ముక్కు దగ్గర పెట్టుకుని.

"ఈ మంచులో నడిచొస్తే వేడిగా ఉంటాయా?" అంది ఈ పిల్ల. అబద్ధం అంత తేలిగ్గా వచ్చేసింది.

నానమ్మ మసీ, తేనే, పాలూ కలిపి, పుల్లతో ఎడమ చేతి మీద సిలువా, చుట్టూ కొమ్మలూ గీసి, వాటి మీద సూదితో పొడవడం మొదలుపెట్టింది. యాగోదా పళ్ళు బిగబట్టి కూర్చుంది. రక్తం చుక్కలు చుక్కలుగా పైకొచ్చేది, నానమ్మ గుడ్డతో అద్ది మళ్ళీ పొడిచేది. అయ్యాక పాత బట్ట చుట్టి జాగ్రత్తలు చెప్పింది. తెల్లారేదాకా విప్పకూడదు. పొద్దున గోరువెచ్చటి నీళ్ళతో కడిగి, పంది కొవ్వు పలచగా రాయాలి. పెచ్చు దానంతటదే రాలాలి. గోకితే మాత్రం చెయ్యి విరగ్గొడతానంది.

మర్నాడు విప్పితే బట్ట తడిసి ముద్దగా ఉంది. మొదట్లో ఊట ఊరుతుందిలే అని నానమ్మ కొట్టిపారేసింది. ఫోన్లో చూసినట్టే యాగోదా ఆ రాత్రి పైన ప్లాస్టిక్ కాగితం చుట్టి టేపు వేసుకుంది. పొద్దున చూస్తే కాగితం ఊడి మంచం కింద పడుంది.

రోజులు గడిచేకొద్దీ కొమ్మల మీద పెచ్చు కట్టింది, రాలింది, కింద నీలం తేలింది. సిలువ నడిమధ్య మాత్రం మానలేదు. అక్కడ చర్మం తెల్లగా, మెత్తగా, చాలాసేపు నీళ్ళలో నానిన వేలు కొసలా ఉండేది. దాన్నుంచి ఒక వాసన వచ్చేది. విరిగిన పాల వాసన.

చివరికొక రాత్రి ఆమెకి మెలకువ వచ్చింది. పొయ్యిలో నిప్పు చల్లారిపోయింది. చూరు మీద నుంచి కరిగిన మంచు బొట్లు బొట్లుగా పడుతోంది. ఎడమ చెయ్యి మంచం అంచు మీద నుంచి కిందికి వేలాడుతోంది. బొట్ల చప్పుడు కాక ఇంకో చప్పుడు వినపడింది. చాలా చిన్నది. తడి తడిగా... ఆగి ఆగి...

చప్పరింపు.

ముందు పిల్లి అనుకుంది. పిల్లి నాలుక గరుగ్గా ఉంటుంది. ఇది మెత్తగా ఉంది. చల్లగా ఉంది. పళ్ళు లేవు... ఒట్టి చిగుళ్ళు. సిలువని పట్టుకుని గుంజుతున్నాయి. మధ్యలో ముక్కుతో ఊపిరి... ఒక గుటక... మళ్ళీ గుంజడం.

యాగోదాకి పై ప్రాణాలు పైనే పోయాయి. ఉన్న బలమంతా కూడదీసుకుని చెయ్యి లాక్కుంది.

మంచం కింద ఏడుపు మొదలైంది.

సన్నగా, ఆకలి ఏడుపు. యూరె ఏడుపు. చలికాలం మొదలయ్యేదాకా ఈ ఇంట్లో వినపడిన ఏడుపే. ఎదుటి గదిలో మంచం కిర్రుమంది. ఒట్టి పాదాలు పరుగెత్తుకొచ్చాయి. గుమ్మంలో వదిన నిలబడింది. ఆమె నైట్‌గౌను రొమ్ముల దగ్గర తడిసిపోయి ఉంది. బిడ్డ పోయిన వారానికే ఎండిపోయిన పాలు అవి.

"మసిలో కలిపిన పాలు ఎక్కడివి?" గుసగుసగా అడిగింది.

"అంజావి."

"అంజా పాలకి వాడెందుకొస్తాడు?"

యాగోదా ఏడుస్తూ నిజం చెప్పేసింది. ఫ్రీజరూ, సీసా, దారి లేకపోవడం, అన్నీ. చెంప పగులుతుందనుకుంది. పగిలినా బాగుండేది. వదిన మంచం మీద పక్కనే కూర్చుని, ఆమె ఎడమ చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుని, మెల్లగా మళ్ళీ మంచం అంచు కిందికి, ఆ చీకట్లోకి దించింది.

"కదలకు. ఎన్నాళ్ళ ఆకలో ఏమో" అంది.

ఏడుపు ఆగిపోయింది.

తెల్లారగానే యాగోదా నానమ్మ కాళ్ళ మీద పడింది. ముసలామె విని గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? పొడిచే సూది తన దగ్గరుంది గానీ, పొడిచింది తీసే సూది ఎవరి దగ్గరా లేదంది. తన వంతు తాగకుండా పోయిన బిడ్డ పాలు అవి, ఆ వంతు కోసం వాడు వస్తాడు, తీరేదాకా వస్తూనే ఉంటాడంది.

టౌన్లో స్నేహితురాలి ఇంటికి పారిపోయింది యాగోదా. అక్కడ రాత్రంతా మంచం కింద ఏడుపే. పక్కన పడుకున్న పిల్లకి ఏమీ వినపడలేదు. పొద్దున్నే మొదటి బస్సుకి వదిన వచ్చేసింది. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. రాత్రంతా ఆమెకీ వినపడిందట.

"పస్తు పడుకోబెట్టావు వాణ్ణి" అంది, అంతే. మణికట్టు పట్టుకుని బస్సెక్కించింది. ఆ పట్టు ఊరొచ్చేదాకా వదలలేదు.

ఆ తర్వాత వదిన మళ్ళీ మనిషైంది. కడుపు నిండా తినేది. పని చేసుకుంటూ కూనిరాగం తీసేది. ఊళ్ళో వాళ్ళు చూసి, పాపం వీంకా తేరుకుంది, దేవుడి దయ అన్నారు. యాగోదా మొహం మాత్రం సున్నం కొట్టినట్టు పాలిపోయింది. నానమ్మ ఆ పిల్ల వైపు చూడలేక కొట్టుగదిలోకెళ్ళి జపమాల తిప్పుకునేది. రోజూ పొద్దున వదినే గోరువెచ్చటి నీళ్ళు తెచ్చి, పచ్చబొట్టు కడిగి, కొవ్వు రాసి, శుభ్రమైన బట్ట చుట్టేది. కన్నతల్లి కూడా అంత మురిపెంగా చెయ్యదు. సాయంత్రం కాగానే తలుపుకి తాళం వేసి, తాళంచెవి మెళ్ళో వేసుకునేది.

ఈస్టర్ ముందటి వారంలో ఒకనాడు పొద్దున అలాగే కడుగుతూ కడుగుతూ వదిన ఆగిపోయింది. చేతిని కిటికీ వెలుతురు దగ్గరికి తీసుకెళ్ళింది. వంగి చూసింది. ఆమె మొహం విప్పారింది.

"అమ్మాయ్, ఇటు చూడు."

యాగోదా చూసింది. పక్కపక్కనే రెండు చిన్న గంట్లు. బియ్యపు గింజ కొసంత కూడా లేవు. ఎర్రగా, కొత్తగా.

"పళ్ళొస్తున్నాయి వాడికి" అంది వదిన. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఉండుంటే ఇప్పటికి వచ్చేవే కదా. ఇక వాడికి ఒట్టి పాలు చాలవు."

అలా అంటూనే యాగోదా చెయ్యి ప్రేమగా నిమిరింది. యాగోదాకి ఆ మాట సగమే వినపడింది. ఆమె ఆ గంట్లనే చూస్తోంది. అవి సిలువ మీద లేవు. నానమ్మ సూది తగలని చోట, పైన, మోచేతి మడతలో ఉన్నాయి.