మెట్లు పగలగొట్టడానికి వచ్చినవాడు

"మిమ్మల్ని పిలిచింది మెట్లు పగలగొట్టడానికి. మెట్ల ముందు పడుకోవడానికి కాదు!"

ఎలోయిసా గట్టిగానే అరిచింది. వాకిట్లో బోర్లా పడుకున్న నెస్టర్ తల కూడా తిప్పలేదు. పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు.

"ష్..."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. లాస్ క్రూసెస్ ఊళ్ళో ఈ చిన్న ఇల్లు కొన్నదే ముందుగదిలో ఫిజియోథెరపీ క్లినిక్ పెట్టుకోవడానికి. చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళు ఈ మూడు సిమెంటు మెట్లు ఎలా ఎక్కుతారు? మెట్లు తీసేస్తేనే రేపు వడ్రంగి వచ్చి చెక్క ర్యాంపు బిగిస్తాడు. అది చూసి ఎల్లుండి మున్సిపాలిటీ ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టాలి. లేదంటే సోమవారం క్లినిక్ తలుపు తెరుచుకోదు.

"ఊళ్ళో ఇంతకంటే మంచి కాంట్రాక్టరు లేడని మా మేనత్త చెబితే నమ్మాను!"

"మీ మేనత్తగారు నిజమే చెప్పారు. ఒక్కసారి వంగి చూడండి."

మెట్ల పక్కన పెద్ద పగులు. లోపల చీకట్లో రెండు పచ్చటి కళ్ళు. పిల్లి! దాని పొట్టకు అతుక్కుని నాలుగు కూనలు.

"అయ్యో... బయటికి తీసేద్దామా?"

"ప్రయత్నించాను." నెస్టర్ చెయ్యి చాపాడు. మణికట్టు మీద మూడు ఎర్రటి గీతలు.

ఆమెకు నవ్వాగలేదు. "ఇంత మనిషీ పిల్లి చేతిలో ఓడిపోయారా?"

"పిల్లలున్న తల్లితో ఎవరు గెలుస్తారండీ? తనంతట తనే మార్చుకోవాలి."

అతని గాయానికి ఆమె కట్టు కట్టింది. బట్టల బుట్టలో తువ్వాలు పరిచి గరాజులో పెట్టింది. ఇద్దరూ చూరు కింద కూర్చుని, కూర నింపి చుట్టిన బురిటో రొట్టెలు తిన్నారు.

"పచ్చిమిరప సాస్‌దేనా? నాకు ఎండుమిరప సాస్‌దే ఇష్టం," అన్నాడతను.

"అయితే మిమ్మల్ని నమ్మడం కష్టమే!"

"ఇందాకటి నుంచీ నమ్మడం లేదుగా. కొత్తేముంది?"

మూడింటికి ఆకాశానికి చిల్లుపడినట్టు వాన మొదలైంది. నీళ్ళు మెట్ల కిందికి పారాయి. పిల్లి ఒక కూనను నోట కరుచుకుని గరాజులోకి పరుగెత్తింది. మళ్ళీ వచ్చింది. రెండు... మూడు... నాలుగోది వచ్చేదాకా ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. అది బుట్టలోకి చేరాక చూసుకుంటే, ఒకరి చెయ్యి ఒకరి చేతిలో ఉంది. ఇద్దరూ ఉలిక్కిపడి వదిలేశారు.

"వాన తగ్గాక మొదలుపెడితే..." అందామె.

"తగ్గేదాకా ఆగితే మీ క్లినిక్ ఆగుతుంది."

వానలోనే సిమెంటు పగలగొట్టే మిషను మోగింది. ఆమె కూడా పార పట్టింది. సిమెంటు పెళ్ళలు ఎత్తి బండిలో వేస్తుంటే బురద మొహానికి చిందింది. దాన్ని చూసి అతను నవ్వాడు. ఆమె అతని మీదా కొంచెం చల్లింది. చీకటి పడేలోగా మెట్లు ఆనవాలు లేకుండా పోయాయి.

శుక్రవారం ఇన్‌స్పెక్టరు ర్యాంపు మీద రెండుసార్లు పైకీ కిందికీ నడిచి సంతకం పెట్టాడు.

శనివారం ఉదయం తలుపు తీస్తే ఎదురుగా నెస్టర్. ఇస్త్రీ చొక్కా, తడి జుట్టు.

"ఇంకేమైనా పగలగొట్టాలా అని..."

"ఏమీ లేదే!"

"నాకూ తెలుసు." అతను బూట్ల వంక చూసుకున్నాడు. "రెండు రోజుల నుంచీ వేరే సాకు వెతికాను. దొరకలేదు. మీరంటే నాకిష్టం, ఎలోయిసా గారూ."

ఆమె బుగ్గలు ఎర్రబడ్డాయి.

"పగలగొట్టాల్సింది ఒకటుంది," అంది. "ఆ 'గారు'."

"ఎలోయిసా..."

"ఊఁ. లోపలికి రా."