లక్ష్మణమ్మ ముట్టించని చుట్ట

జగన్నాధానికి తుమ్మొచ్చినా వీధి చివరిదాకా తెలియాలి. ఆ పొద్దున త్రేన్పులతో లేచాడు. గుండెల్లో మంటన్నాడు, రాగిపిండితో కాచిన చోడి అంబలి వద్దన్నాడు, అరుగు మీద కూర్చుని ఛాతీ రుద్దుకుంటూ దారిన పోయేవాళ్ళందరికీ పేరుపేరునా తన బాధ చెప్పుకున్నాడు.

భార్య లక్ష్మణమ్మ ఎప్పట్లాగే నీళ్ళు మోసింది, పశువులశాల ఊడ్చింది. మధ్యమధ్య గోడకి ఆనుకుని ఎడం చేతికి కర్పూరం నూనె రాసుకుంది. రోజూ పని కాగానే చుట్ట తిరగేసి, నిప్పున్న కొస నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ పీల్చే మనిషి, ఆవేళ చుట్టని చూరులోనే ఉంచేసింది. అది జగన్నాధం చూశాడు. చూసి, మళ్ళీ త్రేన్చాడు.

"నాన్నా, మా ఆసుపత్రికి రా. గుండెకి పరీక్ష తీస్తాను," అంది కూతురు యమున, డ్యూటీకి బయల్దేరుతూ.

జగన్నాధం మొహం తిప్పుకున్నాడు. విశాఖపట్నంలో పెద్ద ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం మానేసి, యమున కిందటేడు ఈ కొండదిగువ సర్కారు ఆసుపత్రికి వచ్చేసింది. పేరున్న చోటు వదిలి, పెద్ద డాక్టరు పలకంత ఫోన్లో మాత్రమే కనబడే చోటికి రావడమేమిటని తండ్రికి మంట. అప్పట్నుంచీ ఆమెతో నేరుగా మాట్లాడడు.

"నీ కూతురికి సెప్పు," అన్నాడు భార్యతో. "ఫోన్లో సూసే వైద్యం నాకొద్దని సెప్పు."

"గొడవెట్టక లెగు మావా. నానూ వస్తాను," అంటూ లక్ష్మణమ్మ అతని రెక్క పట్టుకుని లేవదీసింది. ఆ కాస్తకే ఆమెకి ఆయాసం వచ్చింది.

ఆసుపత్రిలో మంచం పక్కన వైర్లు చూడగానే జగన్నాధం గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఇయ్యేటి? కరెంటెడతారా?"

"కరెంటు కాదు నాన్నా. నీ గుండె ఎలా కొట్టుకుంటన్నాదో గీతల్లా వస్తాది. ఆ గీతలు వైజాగులో గుండె డాక్టరుగారికి ఎల్తాయి. ఆయన సూసి ఏటి సెయ్యాలో సెప్తారు."

"నాను ఆ మంచమ్మీద తొంగోను."

లక్ష్మణమ్మకి నవ్వొచ్చింది. "ఇంతింత మీసాలేల మావా నీకు? ఉండు, ముందు నాను తొంగుంటాను. సూసి ధైర్యం తెచ్చుకో."

యమున తెర లాగింది. తల్లీకూతుళ్ళ నవ్వులు బయటికి వినబడ్డాయి. "సూడు మావా, సీమ కుట్టినట్టయినా లేదు!" అని లోపల్నుంచి లక్ష్మణమ్మ అరిచింది.

ఉన్నట్టుండి యమున నవ్వు ఆగిపోయింది. "కదలకమ్మా, ఇంకోసారి తీస్తాను," అంది. కాసేపటికి "మేడమ్!" అని కేక పెట్టింది. డ్యూటీ డాక్టరు విశాలి పరుగున లోపలికి వెళ్ళింది. తెర తొలగించేసరికి విశాఖపట్నం గుండె డాక్టరు ఆ పలకంత ఫోన్లో కనబడుతున్నాడు.

"గుండెపోటు. ఇప్పుడు జరుగుతోంది," అన్నాడాయన.

జగన్నాధం గుమ్మం వదిలి మంచం దగ్గరికి వచ్చేశాడు. "పొరపాటు బాబూ. గుండెల్లో మంట నాకు. ఆ గీతలు నాయి."

"మీరింకా పడుకోనే లేదు కదండీ," అంది విశాలి మెల్లగా.

"ఆమె భర్తేనా మీరు?" పలకలోంచి డాక్టరు అడిగాడు. "ఆవిడకి నొప్పి ఎప్పుడు మొదలైంది? సుగరుందా? ఏం మాత్రలు వాడుతున్నారు? ఎప్పుడైనా పక్షవాతం గానీ, కడుపులో రక్తం పోవడం గానీ?"

జగన్నాధం భార్యకేసి చూశాడు. తల్లి చేత మాత్రలు నమిలిస్తూ నొప్పి సంగతి తప్ప అన్నిటికీ యమునే జవాబు చెప్పింది. చెయ్యి తెల్లారగట్ల నుంచి లాగుతోందని, బిందె ఎత్తినందుకనుకున్నానని లక్ష్మణమ్మ గొణిగింది.

"పొద్దున్న సుట్ట కాల్సలేదు బాబూ," అన్నాడు జగన్నాధం. ఇన్నేళ్ళ కాపురంలోంచి అతను చెప్పగలిగింది అదొక్కటే. అది కూడా చూసి ఊరుకున్న సంగతి.

గుండె నాళంలో రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షను వెంటనే ఇక్కడే ఇవ్వాలన్నాడు డాక్టరు. రక్తస్రావమయ్యే ప్రమాదం కొంత ఉందని, ఆలస్యమైతే అంతకంటే ప్రమాదమని విశాలి విప్పి చెప్పింది.

"ఒగ్గీండి!" జగన్నాధం మంచానికి అడ్డంగా నిలబడ్డాడు. "బండి పిలండి, శ్రీకాకుళం తీసుకుపోతాను. ఎక్కడో కూకున్నాయన మాటకి నా మనిషిని సూదికిస్తానా?"

యమున తండ్రికి ఎదురుగా వచ్చి నిలబడింది. "ఎర్రన్న సిన్నాన్నకి గుండెనొప్పొస్తే కూడా అలాగే బండెక్కించావు. ఆమదాలవలస దాటకుండానే నీ ఒళ్ళో పోయాడు. నేనేల వైజాగు ఒగ్గేసి వచ్చానో ఒక్కసారైనా అడిగావా నాన్నా? మనోళ్ళు ఇంకెవరూ ఆ దారిలో పోకూడదని వచ్చాను."

తమ్ముడి తల బరువు ఇప్పటికీ తొడ మీదే ఉన్నట్టనిపించింది జగన్నాధానికి. భార్యని చూశాడు. ఆమె నుదురంతా చెమట. పక్కకి తప్పుకున్నాడు.

"సెయ్యమ్మా," అన్నాడు కూతురి మొహంలోకి చూస్తూ. "బేగి సెయ్యి."

యమున ఇంజెక్షను ఇచ్చింది. అందరి కళ్ళూ గీతల మీదే. ఎంతసేపటికో పలకలో డాక్టరు తలూపాడు. "సెయ్యి తేలికయ్యింది," అంది లక్ష్మణమ్మ. విశాలి కళ్ళు తుడుచుకుంది.

పెద్దాసుపత్రికి తీసుకెళ్ళడానికి అంబులెన్సు వచ్చింది. లక్ష్మణమ్మ స్ట్రెచరు మీంచి యమున కొంగు పట్టుకుంది. "మీ నాన్నకి పరీక్ష తియ్యలేదు. తీస్తేగాని నాను కదల్ను."

జగన్నాధం మారుమాట్లాడకుండా మంచమెక్కాడు. దుప్పటి ఇంకా ఆమె ఒంటి వేడితోనే ఉంది.

"నీకేటీ లేదు నాన్నా. వట్టి గ్యాసే."

ఆ మాటకి అంత మనిషీ బావురుమన్నాడు.

అంబులెన్సులో భార్య చెయ్యి పట్టుకుని, "నొప్పి ఇంకెక్కడే?" అని అడిగాడు.

"నాకేటి మావా, బాగానే..."

"ఆ మాటొద్దు. ఉన్నది సెప్పు."

లక్ష్మణమ్మ అతన్ని వింతగా చూసింది. తర్వాత ఒక్కొక్కటే మెల్లగా బయటపెట్టింది. వానాకాలం మోకాలు పట్టేయడం, నూతి దగ్గర కళ్ళు తిరగడం, అరికాళ్ళ మంటలకి రాత్రిళ్ళు నిద్ర లేకపోవడం. తనకి తెలియనివి ఇన్నా అనుకుంటూ, కారుతున్న కన్నీళ్ళు తుడుచుకోకుండా విన్నాడు జగన్నాధం. ఆ దారి పొడుగునా ఒక్కసారి కూడా త్రేన్చలేదు.